గుడ్ల మీద బొమ్మలు వేయిస్తానన్న మా బుల్లికి

పర్లాకిమిడి
మంగళవారం రాత్రి

బుల్లీ,

సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. గుణుపురంలో నీ బడి పిల్లల చేత కోడిగుడ్ల మీద బొమ్మలు వేయించి ప్రదర్శన పెడతావట కదా. "ముప్పై మంది పిల్లలట అక్కా, అరవై గుడ్లట" అని అది నవ్వుతోంది. నాకు ఛాతీ పొంగింది, ఆ వెంటే గుండె దడదడలాడింది. నిద్ర పట్టక లేచి దీపం వేసుకుని కూర్చున్నాను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చదవక తప్పదు.

తేలిక సంగతులు ముందు. తెల్లటి ఫారం గుడ్లు కొను, నాటుగుడ్డు పెంకు మీద లేత రంగులు తేలవు. సబ్బునీళ్లతో కడిగించు. రెండు కొనల్లో సూదితో బెజ్జాలు పెట్టి, కింది బెజ్జం కాస్త పెద్దది చేసి, లోపలి పచ్చసొన చితక్కొట్టాక సిరంజితో గాలి కొట్టించు. నోటితో మాత్రం ఊదనివ్వకు, పచ్చిసొన కడుపులోకి పోతే వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. సొన తీయకుండా అలమారలో పెట్టావా, మన ఎండలకి కుళ్లి, లోపల గ్యాసు నిండి పగులుతుంది. కొవ్వొత్తుల దగ్గర ఆడపిల్లల చున్నీలు నడుముకి ముడి వేయించు, జడలు పైకి కట్టించు.

ఇంకొకటి. రంగు వేసిన గుడ్లు బడి అరుగు మీద ఆరబెట్టకు. నాలుగు వీధుల కూడలిలో పసుపూ కుంకుమా రాసిన గుడ్డు కనబడితే పక్కకి తొలిగి నడిచే ఊళ్లు మనవి. పొద్దున్నే అరుగు మీద అరవై గుడ్లు చూస్తే ఏ తల్లికైనా పిల్లని బడికి పంపాలంటే భయం వేస్తుంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకు. ముందురోజే తల్లుల్ని పిలిచి, నువ్వు ఏం చేస్తున్నావో చూపించు. వాళ్ల చేతికీ ఒక గుడ్డు ఇవ్వు. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చేతులు అవి.

మైనం పని నేర్పిస్తానన్నావని విని సంతోషించాను. గుడ్ల మీద మైనంతో చేసే ఉక్రెయిన్ వాళ్ల కళ పిసంకా, ఆ పేరు వాళ్ల భాషలో 'రాయడం' అనే మాట నుంచి వచ్చింది. మన కాళహస్తిలో కలంకారీని వ్రాతపని అన్నట్టే! వాళ్లు గుడ్డు మీద బొమ్మ వేశామనరు, రాశామంటారు. 2024లో యునెస్కో ఈ కళని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. కరిగిన తేనెమైనంతో తెల్లగా ఉండాల్సిన చోట గీతలు గీసి గుడ్డుని పసుప్పచ్చ రంగునీళ్లలో ముంచుతారు. పసుపుగా మిగలాల్సిన చోట మళ్లీ మైనం పెట్టి ఎరుపులో, ఆఖర్న నలుపులో. లేత నుంచి ముదురుకే వెళ్లాలి, వెనక్కి రాలేం. రంగునీళ్లు పూర్తిగా చల్లారాకే ముంచాలి, వేడి తగిలితే మైనం కరిగి కూర్చుంటుంది. అప్పటికి గుడ్డు మసిబొగ్గులా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది, పిల్లలు పాడైపోయిందని ఏడుపు మొహం పెడతారు. కొవ్వొత్తి మంట పైన కాదు, పక్కన పెట్టించు, పైన పెడితే మసి పడుతుంది. మైనం తడిసినట్టు మెరవగానే మెత్తటి పాతగుడ్డతో ఒక్కసారి తుడవమను. నల్లటి పెంకు మీద తెలుపూ పసుపూ ఎరుపూ ఒక్కటొక్కటే బయటపడతాయి. ఆ క్షణంలో గుడ్డుని కాదు, పిల్లల కళ్లు చూడు.

సవర పిల్లలు తమ ఇళ్ల గోడబొమ్మలు గుడ్ల మీద వేస్తామంటే తొందరపడకు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మలు వాళ్లకి అలంకారం కాదు, పూర్వీకులకీ దేవతలకీ ఇచ్చే చోటు. పెద్దల్ని అడిగి, వాళ్లు సరేనంటేనే.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది చెప్తాను. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

1983లో నేను కొత్తగా చేరిన బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. బళ్లు తెరిచిన కొత్త, వానలు మొదలయ్యాయి. ఏడో తరగతి పిల్లలతో "మీకు దొరికిన రకరకాల గుడ్లు తీసుకురండి" అన్నాను. నా మనసులో ఉన్నది కోడి, బాతు, గిన్నికోడి. ఆ మాట నోటితో చెప్పలేదు. మర్నాడు ఒక కుర్రాడు చొక్కా జేబులోంచి దూది తీసి నా బల్ల మీద విప్పాడు. నాలుగు గుడ్లు, లేత నీలం, మచ్చలేనివి. బడి కప్పు పెంకుల సందులోని గోరింక గూట్లోవి. నేను వాణ్ణి మందలించలేదు బుల్లీ. క్లాసు ముందు నిలబెట్టి మెచ్చుకున్నాను. "ఈ రంగు చూడండర్రా" అన్నాను. ఇంకేముంది, శనివారానికి నా బల్ల మీద ఇరవై మూడు గుడ్లు! పిగ్లిపిట్టవి, కాకివి, పావురానివి. ఒకడు చింతచెట్టు మీంచి జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

సొన తీసి దాచుదామని ఒక నీలం గుడ్డుకి నేనే సూది గుచ్చాను. సొన రాలేదు. ఎర్రటి సన్నటి దారాలు వచ్చాయి, వాటి మధ్య నల్లటి చుక్కలాంటి కన్ను. నా చుట్టూ పిల్లలు గుమిగూడి ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. జేబులో తెచ్చిన కుర్రాడే మెల్లగా అడిగాడు, "టీచర్, మిగతా మూడూ తీసుకెళ్లి పెట్టేస్తే సరిపోతుందా?" అని.

నిచ్చెన వేయించి పెట్టించాను. అప్పటికే మూడు రోజులు చల్లారిన గుడ్లు. ఆ గోరింకలు రెండూ బడి కప్పు మీద అటూ ఇటూ తిరుగుతూ వారమంతా అరిచాయి. నేను కిందే పాఠం చెప్పాను. ఆ కుర్రాడు ఆ ఏడాది మళ్లీ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. వాడిది తప్పు కాదని వాడికి నేను చెప్పనే లేదు. అది నా రెండో తప్పు.

ఆ నీలం బిలివర్డిన్ అనే వర్ణకం. మనకి దెబ్బ తగిలి కమిలిన చోట కొన్నాళ్లకి పచ్చగా కనిపించేది కూడా అదే. గుడ్ల గోధుమరంగు ఇంకొకటి, ప్రోటోపార్ఫిరిన్. రెండూ రక్తంలోని ఎరుపుకి చుట్టాలే. అవన్నీ ఆ తర్వాత చదువుకున్నాను. అప్పుడే తెలిసుంటే ఆ రంగు చూసి చెయ్యి ముందే ఆగేదేమో.

అందుకని మొదటిరోజే, రంగు సీసాలు తీయకముందే, పిల్లలకి విడమరిచి చెప్పు. కోడిగుడ్డు, బాతుగుడ్డు. అంతే. చెట్టు మీదిది, చూరులోది, పొలం గట్టు మీదిది వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిపక్షి గుడ్లు తీయడం కూడా వేట కిందికే వస్తుందని పెద్దపిల్లలకి చెప్పు. ఎవడైనా తెచ్చేస్తే నలుగురిలో మెచ్చుకోకు, నలుగురిలో తిట్టకు. పక్కకి పిలిచి మాట్లాడు.

తెలివైన పిల్ల ఎవరైనా "మ్యూజియంలో ఉన్నాయి కదా మిస్" అంటే, నిజమే అను. ఇంగ్లండులో పాతకాలం వాళ్లు పోగేసిన గుడ్లని కొత్తవాటితో పోల్చి, వేటడేగల గుడ్డు పెంకులు పల్చబడ్డాయని 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. కారణం డీడీటీ లాంటి పురుగుమందులని తేలింది. ఆ పాత గుడ్లు అలా పనికొచ్చాయి. కానీ కొత్తగా గూళ్లు దోచడానికి అది సాకు కాదు, ఆ దేశమే 1954లో గుడ్ల సేకరణని నిషేధించింది.

పాతకాలపు గుడ్డు బొమ్మ చూపాలంటే మన దేశందే ఉంది. మహారాష్ట్ర జల్‌గావ్ జిల్లా పాట్నేలో గీతలు చెక్కిన ఉష్ట్రపక్షి గుడ్డు పెంకు దొరికింది, సుమారు 25 వేల ఏళ్లనాటిది. మన దేశంలో ఉష్ట్రపక్షా అని నోళ్లు తెరుస్తారు. అప్పుడు చెప్పు, ఇక్కడ దొరికిన అలాంటి పాత పెంకుల్లోంచి డీఎన్‌ఏ తీసి, ఒకప్పుడు ఆ పక్షులు ఇక్కడ తిరిగాయని 2017లో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనశాల వాళ్లు నిర్ధారించారని. ఆ ఒక్క కబురుకే నీ క్లాసు గంటసేపు కదలదు.

శుక్రవారం బస్సులో అట్టపెట్టె పంపుతున్నాను, డ్రైవరుకి చెప్పాను. పైన తేనెమైనం ముద్దా, పెన్సిల్ కొనకి గుండుసూది గుచ్చి నేను చేసిన పది కలాలూ ఉంటాయి. సూది తలని మైనంలో ముంచి చుక్క పెట్టి లాగితే ముగ్గు గీతలా వస్తుంది. కింద వరిగడ్డిలో పన్నెండు బాతు పెంకులు, సొన తీసి కడిగినవి. అడుగున దూదిలో ఉన్నది కోడిగుడ్డే. ఊదా క్యాబేజీ ఉడికించిన నీళ్లలో వెనిగర్ వేసి రాత్రంతా నానబెట్టాను. పిల్లలు గోరింక గుడ్డు రంగు చూస్తామంటే గూటి దగ్గరికి పోనక్కర్లేకుండా ఇన్నేళ్లుగా ఆ నీలం కోసం ప్రయత్నిస్తున్నాను. ఇంకా కాస్త ముదురుగానే వస్తోంది. నీకు సరిగ్గా కుదిరితే నాకొకటి పంపించు తల్లీ.

మీ పెద్దమ్మ