పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఇంట్లో బిగించుకునేటప్పుడు సైట్ నాబ్ చివరికే ముట్టాలె

మీ ప్రశ్న ఇది: తొమ్మిదో తరగతి బిడ్డకు 4.5 మి.మీ. పీసీపీ (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో కాల్చే) మ్యాచ్ రైఫిల్, అంటే పోటీలకు వాడేది, కొన్నారు, పార్సిల్లో విడివిడిగా వచ్చింది. హన్మకొండ ఇంట్లోనే బిగించి, పదిహేను రోజుల్లో గచ్చిబౌలి రేంజికి తీసుకుపోవాలె. దేనితో మొదలుపెట్టాలని అడిగిన్రు.

ముందు చట్టం మాట. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంటే మీ 4.5 మి.మీ.), 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడున్నర జౌళ్ల దగ్గరే ఉంటది. బిల్లు, శక్తి ఎంతో చెప్పే కాగితం రైఫిల్ పెట్టెలోనే పెట్టండి, కాజీపేటలో రైలెక్కేటప్పుడు అడిగితే చూపొచ్చు. ఇంట్లో బిగించుకోవచ్చన్న మాట ఈ రకానికే. తుపాకీమందుతో పేలే 0.22 రైఫిల్‌ను లైసెన్సు లేకుండా ఇంట్లో తయారుచేసుడు నేరం, దాని జోలికి పోవద్దు.

స్టాక్‌లో (చేత పట్టి భుజానికి ఆనించే భాగం) యాక్షన్ (బ్యారెల్, ట్రిగ్గర్ ఉన్న భాగం) కూర్చోబెట్టి బోల్టులు బిగిస్తారు. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోవద్దు. ముందుది ఒక చుట్టు, వెనకది ఒక చుట్టు, అట్ల మార్చి మార్చి తిప్పాలె. ఎంత బలంతో అన్నది రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలో న్యూటన్ మీటర్లలో ఉంటది, దానికి టార్క్ కీ (ఎంత బలంతో బిగించారో చూపే పానా) కొనుక్కోండి. ఉత్త ఎలన్ కీతో చేతి అందాజా మీద బిగిస్తే యాక్షన్ మీద వంకర ఒత్తిడి పడి, టార్గెట్ కాగితం మీద షాట్లన్నీ ఒక్క గుంపుగా పడాల్సిన చోట రెండు గుంపులొస్తయి. కట్టె స్టాక్ అయితే వానాకాలంలో చెమ్మకు ఉబ్బుతది, నెలకోసారి బోల్టులు చూడండి.

ఇగ గాలి. దీనికి బాగా జాగ్రత్త కావాలె. సిలిండర్ మీద గరిష్ఠ పీడనం రాసి ఉంటది, ఎక్కువ వాటికి 200 బార్. తయారీ తేదీ కూడా చూడండి, చాలా కంపెనీలు పదేండ్ల తర్వాత ఆ సిలిండర్ వాడొద్దంటయి. చేతి పంపుతో కొడితే యాభై అరవై దెబ్బలకోసారి ఆపి, పంపు చల్లబడనివ్వాలె, అందులో చేరిన నీటి చెమ్మను వదిలెయ్యాలె. ఆ చెమ్మ రెగ్యులేటర్‌లోకి (ప్రతి షాట్‌కు గాలి పీడనం సమంగా ఉంచే భాగం) పోతే పెల్లెట్ (సీసం గుండు) వేగం ఒక్కో షాట్‌కు ఒక్కో తీరుంటది, బిడ్డ గురి తప్పుతోందని మీరనుకుంటరు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ నింపిచ్చుడు మాత్రం ఎన్నడూ చెయ్యొద్దు, పేలుతది. అదే కారణంతో సిలిండర్ ఓ-రింగుకు (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) మిషిన్ నూనె, మామూలు గ్రీజు పెట్టొద్దు. సిలికాన్ గ్రీజు, అదీ పలచగా. సిలిండర్ చేత్తోనే బిగించాలె, పానా పెట్టొద్దు. బుస్సుమని గాలి ఆగకుంటే ఓ రింగు తెగిందనే.

వేడిగా ఉన్నప్పుడు 200 చూపిన గేజి చల్లబడ్డాక తగ్గుతది, లీక్ అని కంగారుపడొద్దు. 45 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 25 డిగ్రీలకు 187 అవుతది. మన దగ్గర మే నెలలో దీని ఉల్టానే ప్రమాదం: పొద్దున చల్లగా ఉన్నప్పుడు నిండా కొట్టిన సిలిండర్‌ను కారులో ఎండకు వదలొద్దు.

ఇప్పుడు రైఫిల్‌ను బిడ్డకు సరిపెట్టుడు. నా లెక్కలో సగం పని ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. వెనక సైట్, ముందు సైట్ (గురి చూసే భాగాలు) ఎక్కించండి గాని సైట్‌ను జరిపే నాబ్‌లు ముట్టకండి. బట్ ప్లేట్ భుజానికి ఆనినప్పుడు చూపుడువేలు మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీద నిటారుగా ఆనాలె. ఆనకుంటే స్టాక్ పొడవు మార్చండి. తర్వాత బిడ్డను కండ్లు మూసుకొని చెంప చీక్ పీస్ మీద వాల్చమనండి, మెడ బిగబట్టొద్దు. కండ్లు తెరిచాక ముందు సైట్ గొట్టం వెనక రంధ్రం నడిమధ్యన కనపడాలె. కిందికి జారినట్టుంటే కన్ను కిందుంది, చీక్ పీస్ లేపాలె. పైకి పోయినట్టుంటే దించాలె. ఎదిగే పిల్ల కాబట్టి మూడు నెలలకోసారి మళ్లీ చూడాలె. బరువులు తగిలిస్తే మొత్తం రైఫిల్ 5.5 కిలోలు దాటొద్దు.

ఇది కుదరకముందే సైట్ తిప్పితే మెడ వంకర, నిలబడే వంకర అంతా సైట్‌లోకే ఎక్కుతయి. రేపు నిలబడే తీరు మారంగనే జీరో (గురి పెట్టిన చోటే షాట్ పడేటట్టు సైట్ పెట్టిన లెక్క) పోతది.

కొత్త బ్యారెల్‌లో నూనె ఉంటది, రెండు మూడు ఫెల్ట్ పెల్లెట్లు (తుడవడానికి వాడే మెత్తటి గుళికలు) పంపి తుడిచి, ఇరవై ముప్పై షాట్లు కాల్చాక గుంపు చూడండి. ఇత్తడి బ్రష్ పెట్టొద్దు. ఇంట్లో అయితే వెనక గట్టి గోడ, పెల్లెట్ ఆపే ఇనుప డబ్బా, మధ్యలో తలుపు తెరుచుకోని పది మీటర్ల వరండా ఉండాలె. మిద్దె మీద వద్దు. కోతులున్నయని అటు తిప్పుడు అసలే వద్దు. పెల్లెట్లు సీసం, చేతులు కడిగాకే తిండి.

టార్గెట్ నడుమ నేల నుంచి 1.40 మీటర్లు. అయిదు షాట్లు కొట్టించి గుంపు నడుమను కొలవండి, ఒక్క షాట్ చూసి తిప్పొద్దు. సైట్ల మధ్య 80 సెంటీమీటర్లుంటే వెనక సైట్ 0.1 మి.మీ. జరిగితే కాగితం మీద 1.25 మి.మీ. జరుగుతది. రింగుకు రింగుకు మధ్య రెండున్నర మి.మీ.లే. సైట్ నాబ్ పది క్లిక్కులు తిప్పి, మళ్లీ అయిదు కొట్టి ఎంత జరిగిందో నోటు బుక్కులో రాసుకోండి. జర్మన్ సైట్ల మీద హెచ్ అంటే షాట్ పైకి పోయింది, కిందికి దించడానికి ఇటు తిప్పు అని అర్థం. పైకి లేపుడు అనుకొని ఉల్టా తిప్పేటోళ్లు చాలామంది. తల పరిమాణం 4.49, 4.50, 4.51 పెల్లెట్లు ఒక్కో డబ్బా తెప్పించి, రైఫిల్‌ను బల్ల మీద ఆనించి పదేసి కాల్చి, ఏది గుంపు చిన్నగా వస్తే అదే వాడండి.

రేంజికి పోయేటప్పుడు సేఫ్టీ ఫ్లాగ్ (బ్యారెల్ ఖాళీగా ఉందని చూపే తీగ) మరిచిపోవద్దు. ఎయిర్ రైఫిల్‌కు అది బ్యారెల్ మొత్తం పొడవు దూరి రెండు దిక్కులా బయటికి కనపడాలె. గడ్డి కోసే మిషిన్‌కు వేసే నారింజ రంగు నైలాన్ తీగ సరిగ్గా పనికొస్తది. నాలుగున్నర మి.మీ. బోరులో తేలిగ్గా దూరేటట్టు రెండు మి.మీ.లది తీసుకొని, బ్యారెల్ కన్నా జానెడు పొడుగు కోసి, కొసలు గరుకు కాగితంతో రుద్ది పెట్టెలో వేసుకోండి.