‘చార్జ్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: న్యాయసహాయం అందించే ఒక సంస్థ కోసం నేను కరపత్రాలను ఆంగ్లం నుంచి తెలుగులోకి మారుస్తుంటాను. ఈమధ్య ఒక యంత్రానువాదంలో బ్యాంకు చార్జీలను ‘బ్యాంకు ఆరోపణలు’ అనీ, చార్జిషీటును ‘రుసుము పత్రం’ అనీ ఇవ్వడం చూశాను. మా అబ్బాయి భౌతికశాస్త్ర పుస్తకంలో అదే మాటకు ‘ఆవేశం’ అని ఉంది. అన్ని చోట్లా చెల్లే తెలుగు మాట ఒకటి ఉందా? లేకపోతే ఎక్కడ ఏది వాడాలి? ‘చార్జి’ అని రాయాలా, ‘ఛార్జి’ అని రాయాలా? — ఒక పాఠకురాలు, హైదరాబాదు.

సమాధానం: అన్ని చోట్లా చెల్లే తెలుగు మాట లేదు, ఉండాలని కోరుకోవడం కూడా మంచిది కాదు. మీరు చూసిన రెండు అనువాదాలూ అలా ఒక్క మాటతో అన్ని అవసరాలూ తీర్చుకోబోయినందువల్ల పుట్టిన తప్పులే. అప్పు తీసుకున్న మనిషి ‘బ్యాంకు ఆరోపణలు’ అన్న మాట చదివితే తనమీద ఏదో కేసు పడిందని బెదిరిపోతాడు. జైల్లో ఉన్న కొడుకు కోసం తిరుగుతున్న తల్లి ‘రుసుము పత్రం’ అన్నది చూస్తే డబ్బు కట్టాలేమోనని ఎవరి దగ్గరికో పరుగెత్తుతుంది. న్యాయసహాయ కరపత్రంలో ఇటువంటి పొరపాటు భాషాదోషంతో ఆగదు కనుక, మీ సందేహానికి కొంత విస్తరించి జవాబు చెబుతాను.

ముందు ఆంగ్లంలో ఈ మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయో చూడాలి. లాటిన్‌లో బండికి ‘కారుస్’ అని పేరు. దాని నుంచి బండికి సరుకు ఎత్తడం అనే అర్థంలో ఒక క్రియ ఏర్పడి, పాత ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చి ‘చార్జ్’ అయింది. కారు, కార్గో, మోయడమనే అర్థం ఉన్న ‘క్యారీ’, ఇవన్నీ ఆ కుదురులోని మాటలే. బండిమీద బరువు ఎత్తినట్టే మనిషిమీద బాధ్యత, నేరం, చెల్లింపు ఎత్తవచ్చు; తుపాకీలో మందు, లోహపు గోళంలో విద్యుత్తు నింపవచ్చు. ఆ విధంగా బరువు అనే ఒక్క భావం నుంచి కొమ్మలు సాగాయి. తెలుగులో ‘భారం’ కూడా ఇటువంటి ప్రయాణమే చేసింది. రాజ్యభారం, సంసారభారం, రుణభారం, పన్నుల భారం అంటున్నామంటే మోసే బరువునే మనమూ నాలుగు రంగాలకు పంచుకున్నామన్నమాట. అలాగని చార్జ్ కనిపించిన ప్రతి చోటా భారం అని పెడితే కుదరదు. భౌతికశాస్త్రంలో భారం అంటే ఒక వస్తువును భూమి తనవైపు లాగే బలం. ఆ స్థానం అక్కడ ఖాళీగా లేదు.

కాబట్టి మాటకు సమానపదం వెతకడానికి ముందు ఆ వాక్యంలో జరుగుతున్న పని ఏమిటో పట్టుకోవాలి: ఎవరు, ఎవరిమీద, దేన్ని పెడుతున్నారు? నిజానికి తెలుగువారు ఈ పని ఎప్పుడో చేసుకున్నారు. నామవాచకాన్ని ఆంగ్లం నుంచి తెచ్చుకున్నా, దాని అర్థాన్ని నిర్ణయించే అధికారం తెలుగు క్రియకే ఇచ్చారు. బస్సు చార్జీలు ‘పెరుగుతాయి’, కొత్త తహసీల్దారు చార్జి ‘తీసుకుంటాడు’, పోలీసులు చార్జిషీటు ‘వేస్తారు’, ఫోనుకు చార్జింగ్ ‘పెడతాం’, అది ‘ఎక్కుతుంది’, ‘దిగిపోతుంది’. కోఠీలో బస్సు కోసం నిలుచున్న వారెవరూ ఈ వాక్యాల దగ్గర తడబడరు. అనువాదకులు మొదట ఈ క్రియల మీద దృష్టి పెడితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మీ పనికి అన్నిటికన్నా ముఖ్యం న్యాయరంగం. అక్కడ వరుసగా వచ్చే నాలుగు దశలకు తెలుగులో నాలుగు మాటలు ఉన్నాయి, వాటిని కలిపేయకూడదు. బాధితుడు ఇచ్చేది ఫిర్యాదు. ఒకరు తప్పు చేశారని ఇంకొకరు అనడం ఆరోపణ. అది వీధిలోనూ చేయవచ్చు, సభలోనూ చేయవచ్చు. ఏ చట్టంలోని ఏ సెక్షను కింద ఏ నేరానికి నిందితుడు జవాబు చెప్పుకోవాలో న్యాయస్థానం స్పష్టంగా రాసి నిర్ణయించేది అభియోగం. విచారణ ముగిశాక నేరం రుజువైందని తేల్చడం దోషనిర్ధారణ. ఈ నాలుగింటిలో చార్జ్‌కు సరైన తెలుగు ‘అభియోగం’ మాత్రమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో దాఖలు చేసే పత్రాన్ని లోకమంతా చార్జిషీటు అంటుంది, పత్రికలు అభియోగపత్రం అంటాయి. కానీ 1973 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతి 173వ సెక్షనులో గానీ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షనులో గానీ దాన్ని పోలీసు అధికారి నివేదికగానే చెప్పారు. పోలీసులు తమ నివేదికలో ఫలానా నేరాలు జరిగాయని చెబుతారు. వాటిలో ఏవి నిలుస్తాయో చూసి అభియోగాలు ఖరారు చేసేది న్యాయమూర్తి. అందువల్ల ‘పోలీసులు అభియోగపత్రం దాఖలు చేశారు’ అన్న వాక్యం, ‘న్యాయస్థానం అభియోగాలు ఖరారు చేసింది’ అన్న వాక్యం రెండు వేర్వేరు దశలను చెబుతున్నాయి. రెండు చోట్లా ‘అభియోగాలు నమోదయ్యాయి’ అని రాస్తే ఆ తేడా చెరిగిపోతుంది. కరపత్రంలో నేనైతే మొదటిదాన్ని ‘చార్జిషీటు’ అనే ఉంచుతాను, ఎందుకంటే నాంపల్లి కోర్టుల ఆవరణలో వకీలూ, గుమాస్తా, కక్షిదారూ అందరూ పలికే మాట అదే. అభియోగం అన్న మాటను న్యాయమూర్తి చేసే పనికి దాచిపెడతాను.

ఇదే కుటుంబంలోని ‘డిశ్చార్జ్’ ఇంకా ప్రమాదకరమైనది. విచారణకు తగిన ఆధారం లేదని అభియోగాలు ఖరారు కాకముందే న్యాయస్థానం నిందితుణ్ణి వదిలిపెట్టడం డిశ్చార్జ్. విచారణ సాగి, సాక్ష్యం పరిశీలించాక నేరం రుజువు కాలేదని తేల్చడం వేరు. దాన్ని నిర్దోషిగా విడుదల అంటాం. వార్తల్లో మొదటిదానికి కూడా ‘నిర్దోషిగా విడుదల’ అని రాస్తున్నారు. ఇది నన్ను చాలా బాధించే పొరపాటు. నిర్దోషి అని తీర్పు వచ్చాక సాధారణంగా ఆ నేరానికే మళ్లీ విచారణ ఉండదు. డిశ్చార్జ్ అయిన వ్యక్తికి ఆ రక్షణ అదే రీతిలో వర్తించదు. కనుక దానికి ‘కేసు నుంచి తప్పించడం’ అనో ‘అభియోగాలు లేకుండా విడుదల చేయడం’ అనో రాయండి. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కావడం, జలాశయం గేట్లు ఎత్తితే క్యూసెక్కుల లెక్కన నీరు వెలువడడం, బ్యాటరీ దిగిపోవడం, ఇవన్నీ ఆంగ్లంలో ఇదే మాట. తెలుగులో మాత్రం ఒకదానితో ఒకటి కలవవు.

ఆస్తి వ్యవహారాల్లో మరో అర్థం ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 100వ సెక్షను ప్రకారం ఒకరి స్థిరాస్తి మరొకరికి రావలసిన సొమ్ముకు హామీగా నిలిచి, ఆ ఏర్పాటు తనఖా కిందికి రాకపోతే దాన్ని చార్జ్ అంటారు. ఉదాహరణకు స్థలం అమ్మిన వ్యక్తి పూర్తి సొమ్ము అందకముందే యాజమాన్యాన్ని కొన్నవారికి బదలాయిస్తే, రావలసిన మిగతా సొమ్ముకు ఆ స్థలంమీద అతనికి ఈ హక్కు ఉంటుంది. ఇక్కడ అభియోగమూ కాదు, రుసుమూ కాదు. ‘రుణభారం’ అన్న మాట చక్కగా అతుకుతుంది. తనఖా అని మాత్రం రాయకండి, ఎందుకంటే అది తనఖా కాదని చెప్పడమే ఆ సెక్షను ఉద్దేశం.

రాజ్యాంగంలో ఈ మాట రెండు అర్థాలతో పక్కపక్కనే కనిపిస్తుంది. 112వ అధికరణం మూడో క్లాజులో భారత సంఘటిత నిధిపై, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానాపై, ‘చార్జ్’ చేసిన వ్యయాలను పేర్కొన్నారు. రాష్ట్రపతి జీతభత్యాలు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలు వాటిలో ఉన్నాయి. 113వ అధికరణం ప్రకారం వీటిని పార్లమెంటులో చర్చించవచ్చు గానీ ఓటుకు పెట్టరు. ఆ జాబితాలోనే ప్రభుత్వ అప్పులమీద వడ్డీల వంటి చెల్లింపులనూ చార్జీలు అనే అన్నారు. అంటే నిధిపై తప్పనిసరిగా మోపిన భారం ఒక అర్థం, అప్పుకు కట్టే సొమ్ము ఇంకో అర్థం. అనువాదకుడు ఒకే మాటకు కట్టుబడితే ఆ క్లాజు చదువరికి అర్థం కాదు.

డబ్బు విషయంలో చిక్కు తక్కువే. ప్రభుత్వమో సంస్థో నిర్ణీత సేవకు తీసుకునేది రుసుము. సేవతో నేరుగా ముడిపెట్టకుండా చట్టప్రకారం వసూలు చేసేది పన్ను. ప్రయాణానికి ఇచ్చేది చార్జీ, తెలంగాణలో కిరాయి. ఉర్దూ మీదుగా వచ్చిన ‘కిరాయి’ ఆటోకూ ఇంటికీ చెల్లుతుంది, అంటే ఒక వస్తువును వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము అన్నమాట. ఎంతో నిక్కచ్చి అయిన ఈ మాటను ‘మాండలికం’ అని పక్కన పెట్టవలసిన పనిలేదు. మీ కరపత్రం నగరవాసుల కోసమైతే నిస్సంకోచంగా వాడండి.

ఇక విద్యుత్తు. మన ఇంటికి వచ్చే కరెంటు బిల్లులో వినియోగ చార్జీలు, స్థిర చార్జీలు, వినియోగదారు చార్జీలు అని పద్దులు ఉంటాయి, అవన్నీ డబ్బు. పాఠ్యపుస్తకంలోని విద్యుదావేశం పదార్థానికి ఉండే ఒక ధర్మం. ఒక ఎలక్ట్రాను మీద ఉండే ఋణావేశం పరిమాణం సుమారు 1.6 × 10⁻¹⁹ కూలూంబులు. ‘విద్యుత్ చార్జి’ అని మాత్రమే రాస్తే ఈ రెండింటిలో ఏదో తెలియదు కనుక, బిల్లుకు ‘కరెంటు చార్జీలు’, శాస్త్రానికి ‘విద్యుదావేశం’ అని విడదీసుకోవడం మేలు. ఆవేశం అన్న మాటపై మీ అబ్బాయికి సందేహం కలగడం సహజమే. మనం ఆవేశపడడం అంటే ఉద్రేకపడడం. కానీ ఆ మాటకు మూలార్థం లోపల ప్రవేశించడం, ఆవహించడం. అమ్మవారు పూనిన మనిషిని ఆవేశం వచ్చిందంటాం. పైకి కనబడకుండా వస్తువులో చేరి దాని ప్రవర్తనను మార్చే ధర్మానికి ఈ పేరు నా దృష్టిలో బరువును సూచించే ఆంగ్లపదం కన్నా ఒదిగింది. ధనావేశం, ఋణావేశం, ఆవేశిత కణం, ఆవేశ నిత్యత్వ నియమం అంటూ దాని నుంచి తేలికగా మరికొన్ని పదాలు పుట్టుకొచ్చాయి కూడా. 1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలతో చదువుకున్న తరాలకు ఇవి అలవాటైన మాటలే.

పరిశ్రమల్లో మాట మారుతుంది. జీడిమెట్ల, పాశమైలారం మందుల కర్మాగారాల్లో ముడిపదార్థాన్ని రియాక్టరులో వేయడాన్ని కార్మికులు చార్జింగ్ అనే అంటారు. వారికోసం రాసే భద్రతా సూచనల్లో ఆ మాటనే ఉంచి, పక్కన ‘లోపల వేయడం’ అని విప్పి చెప్పాలి. రాతి క్వారీలో రంధ్రంలో పేలుడు పదార్థం పెట్టడానికి తెలుగులో ‘మందు దట్టించడం’ అనే దిట్టమైన మాట ఉండనే ఉంది. భూగర్భజలాల విషయంలో రీచార్జ్ పిట్ అన్న మాటకు మనవాళ్లు చేసిన పని నాకు ఎంతో ఇష్టం. ఆంగ్లపదాన్ని ముక్కలు చేసి ‘పునః’ అని ముందు తగిలించకుండా, వాన నీరు ఏం చేస్తుందో చూసి ‘ఇంకుడు గుంత’ అన్నారు. పల్లెలోనూ పట్నంలోనూ వివరణ అక్కరలేకుండా అర్థమవుతున్నదంటే ‘ఇంకు’ అనే క్రియలో ఉన్న బలమే కారణం.

లాఠీచార్జి తెలుగు మాట అయిపోయింది, దాన్ని మార్చనక్కర్లేదు. ఉద్యోగి చార్జి తీసుకోవడం బాధ్యతలు స్వీకరించడం. ఒకే అధికారికి రెండు కుర్చీలు ఇస్తే అదనపు బాధ్యతలు. ఉద్యోగికి శాఖాపరంగా ఇచ్చే చార్జిమెమోలో మాత్రం మళ్లీ అభియోగమే ఉంటుంది.

చివరగా వర్ణక్రమం. ఆంగ్ల ఉచ్చారణలో మన ‘ఛ’లోని ఒత్తు లేదు కనుక ‘చార్జి’ అన్నదే సరి. మరి ‘ఛార్జి’ ఎందుకు వ్యాపించింది? తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఒ వంటి అచ్చుల ముందు వచ్చే చకారాన్ని మనం దంత్యంగా, అంటే నాలుకను పళ్ల వైపు ఆనించి, పలుకుతాం. చాప, చుట్ట, భోజనంలో పోసుకునే చారు అలాంటివే. చార్జి అని రాస్తే చాపలోని చకారంలా పలుకుతారేమోనని, తాలవ్యంగా, అంటే ‘చీమ’లోలా నాలుకను అంగిలికి ఆనించి, పలకాలన్న సూచనగా ఛకారాన్ని వాడినట్టు తోస్తుంది. ఆ జాగ్రత్త వెనుక ఉన్న కారణం అర్థమవుతుంది, కానీ చాక్లెట్, చాంపియన్ వంటి మాటలను ఒత్తు లేకుండా రాసినా తెలుగు పాఠకుడు సరిగానే పలుకుతున్నాడు. అందువల్ల చార్జి, చార్జీలు, చార్జిషీటు అని రాయమని నా సలహా. మీ సంస్థ ఇప్పటికే ‘ఛ’తో అచ్చువేసిన పత్రాలు ఉంటే వాటిని తప్పుగా భావించి వెనక్కి తీసుకోనక్కర్లేదు, కొత్తవాటిలో మాత్రం ఒకే రూపం పాటించండి.