రేపటి ముక్క ఇవాళే రాసిపెట్టుకో

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. రాయాలని ఉంటుంది, కూర్చుంటే ఏమీ రాదు, నాలుగు రోజులు రాసి పది రోజులు మానేస్తున్నాను, అసలు నాలో రాసే గుణం ఉందంటావా మావయ్యా అని అడిగావు. గుణం సంగతి ఇప్పట్లో తేలేది కాదు, తేలినా నీకు పెద్దగా పనికొచ్చేది కాదు. నాకు కనిపించిన చిక్కు వేరు. కూర్చున్న ప్రతిసారీ ఏం రాయాలా అని అప్పుడే వెతుక్కుంటున్నావు. విషయం, మొదటి వాక్యం, మూడ్, మూడూ ఒకేసారి దిగి రావాలంటే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా టెన్షనే.

అందుకని ముందు ఒక్క పని అలవాటు చేసుకో. రాయడం ఆపి లేచే ముందు, రేపు ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో ఒక ముక్క రాసిపెట్టు. అందంగా ఉండక్కర్లేదు. నా నోట్‌బుక్‌లో పేజీ అడుగున ఇలా ఉంటాయి: "ఆవిడ తలుపు తీస్తుంది. లోపల ఎవరూ లేరు, ఫ్యాను మాత్రం తిరుగుతోంది. వేసిందెవరో రేపు." ఇంతే. మర్నాడు ఆ పేజీ తెరిస్తే నా ముందు ఖాళీ కాగితం ఉండదు, తిరుగుతున్న ఫ్యాను ఉంటుంది, దాన్ని ఎవరు వేశారో చెప్పడమే నా పని. రాత జోరుగా సాగుతున్నప్పుడు, తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆపేయాలని అమెరికన్ రచయిత హెమింగ్వే కూడా చెప్పేవాడు. వినడానికి వింతగా ఉంటుంది కానీ చేసి చూడు. పూర్తిగా ఊడ్చుకుపోయేదాకా రాసి లేచిన మర్నాడే మనకు బద్ధకం ఎక్కువ.

పొద్దున్నే రాయాలా, రాత్రి రాయాలా అన్నావు. ఆంథొనీ ట్రోలోప్ అని పాతకాలపు ఇంగ్లీషు నవలాకారుడు పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున 5:30కి బల్ల ముందు కూర్చునేవాడు, 47 నవలలు రాశాడు. కాఫ్కా అనే ఇంకో రచయిత బీమా ఆఫీసులో పగలు పనిచేసి రాత్రుళ్లు రాసేవాడు, 1912 సెప్టెంబరులో ఒక కథ మొత్తం ఒక్క రాత్రిలో, పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా కూర్చుని పూర్తి చేశాడు. కాబట్టి మంచి వేళ అంటూ విడిగా ఏమీ లేదు, నిన్ను ఎవరూ పిలవని వేళ ఏదైతే అదే నీది. ట్రోలోప్ అనగానే అందరూ వాచీ ముందు పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాసేవాడన్న ముచ్చటే చెప్తారు, నువ్వు దాని జోలికి పోకు, బెదిరిపోతావు. నీకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. తనకున్న మూడు గంటల్లో మొదటి అరగంట నిన్నటిది చదువుకోవడానికే ఖర్చుపెట్టేవాడు. నీకు దొరికేది అరగంటే అయితే అయిదు నిమిషాలు చదువు. చదవమన్నాను, దిద్దమనలేదు.

ఈ దిద్దుడు గురించి నీతో గట్టిగానే చెప్పాలి. కిందటిసారి నువ్వు రాస్తుంటే పక్కనే ఉండి చూశాను కదా. "సాయంత్రమైంది" అని రాశావు, కొట్టేసి "పొద్దు వాలింది" అన్నావు, అదీ కొట్టేసి "చీకటి పడుతోంది" అన్నావు, చివరికి మళ్లీ "సాయంత్రమైంది" దగ్గరికే వచ్చావు, ఈలోపు ఫోన్ మోగింది, లేచిపోయావు. రెండో వాక్యం పుట్టనే లేదు. ఆ మొదటి వాక్యం కథ పూర్తయ్యాక ఉంటుందో పోతుందో కూడా తెలీదు, దానికి అప్పుడే ముస్తాబు ఎందుకు? రాసేటప్పుడు రాయి, దిద్దడానికి వేరే రోజు పెట్టుకో. ఫోన్‌లో టైప్ చేస్తే వెనక్కి వెళ్లి చెరపడం మరీ తేలిక, అందుకే మొదటి ప్రతి చేత్తో రాయమంటాను. చేత్తో రాయడం నీకు పడకపోతే వాయిస్ టైపింగ్ పెట్టుకుని చెప్పేసెయ్, తప్పులు తర్వాత చూసుకోవచ్చు.

ఇక మానేసిన రోజులు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని ఎక్కడో చదివి, అయిదో రోజే రాయలేకపోయేసరికి నీరుగారిపోయినట్టున్నావు. ఆ లెక్క పట్టుకోకు. లండన్‌లో 96 మందిని 12 వారాల పాటు గమనించి చేసిన అధ్యయనం ఒకటుంది, పండు తినడం, నీళ్లు తాగడం, నడవడం లాంటి చిన్న పనుల మీద. అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18 చాలాయి, కొందరికి 254 దాకా పడతాయని అంచనా. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్దగా నష్టం జరగలేదని కూడా అందులోనే తేలింది. నీళ్లు తాగడానికే అన్నాళ్లు పడితే రాతకు ఇంకొంచెం ఎక్కువే పడుతుందనుకో. తప్పిన రోజు బాకీ తీర్చాలని మర్నాడు రెండింతలు రాయబోకు, అలా బాకీలు పెంచుకున్నవాళ్లు ఆ నోట్‌బుక్ వైపు చూడ్డమే మానేస్తారు. ఆ అధ్యయనంలో వాళ్లు చేసిన కిటుకు మాత్రం తీసుకో: ఆ పనిని రోజూ ఎలాగూ జరిగే ఇంకో పని వెనకాల తగిలించారు. టీ తాగిన వెంటనే అనుకో, కప్పు కడిగి పెట్టి కూర్చోవడమే. "వీలు చూసుకుని" అన్నావంటే ఆ వీలు ఈ జన్మకు దొరకదు.

ఒంట్లో బాగాలేని రోజు, మనసు బాగాలేని రోజు ఒక్క వాక్యం రాసి మూసెయ్, అదీ కుదరకపోతే పడుకో.

ఉత్సాహం నిలవట్లేదన్నావు చూడు, అందులో సగం పాపం లైకులది. సగం రాసినదాన్ని నలుగురికీ చూపిస్తే, పొగిడితే పూర్తయిపోయినంత తృప్తి వస్తుంది, తిడితే పూర్తి చేయబుద్ధి కాదు. రెండింటివల్లా కథ ఆగేది ఒకచోటే. పూర్తయ్యేదాకా ఎవరికీ పంపకు, మీ అమ్మకు కూడా.

పూర్తయ్యాక నాకు పంపు. పైన "ఇంకా సరిగ్గా రాలేదు మావయ్యా" అని సంజాయిషీ రాయకు, రాయడానికి నీకే విసుగొచ్చిన చోట్ల పక్కన ఒక గీత పెట్టు చాలు. చదివాక ఫోన్ చేస్తాను.

మావయ్య