రెక్కల మచ్చలు చాలవు, మగ ఈగను చూడండి

అరకులో మాగిన అరటిపండ్ల మీద పట్టిన మచ్చల రెక్కల డ్రోసోఫిలా (పండ్ల మీద వాలే చిన్న ఈగ) ఏ వర్ణనకూ సరిపోవట్లేదు, కొత్త జాతేనా అని అడిగారు కదా.

రంగును, మచ్చలను నమ్ముకోకండి. ఒకే జాతిలోనూ మారుతుంటాయి, ఆల్కహాల్‌లో వెలిసిపోతాయి కూడా. అసలు తేల్చేది మగ ఈగ జననాంగాలే. పొట్ట చివరి భాగం విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కాసేపు వెచ్చగా ఉంచండి. కండ కరిగిపోయి గోధుమరంగు గట్టి భాగాలు మిగులుతాయి. కడిగి, గ్లిజరిన్ చుక్కలో వేసి, సన్నటి సూదితో తిప్పుతూ మైక్రోస్కోప్ కింద పక్క నుంచీ వెనక నుంచీ బొమ్మ గీయండి. ఆడ ఈగను పట్టుకునే కొక్కేల మీద ముళ్లు ఎన్ని, ఏ వరుసలో ఉన్నాయన్నది ముఖ్యం. ఆ ముక్కను చిన్న గొట్టంలో పెట్టి అదే ఈగను గుచ్చి ఉంచిన సూదికే తగిలించండి, దయచేసి వేరే ఈగల ముక్కలతో కలిపేయొద్దు.

డీఎన్ఏ బార్‌కోడ్ (చిన్న డీఎన్ఏ ముక్కను చదివి జాతిని పోల్చడం) తోడుగా మంచిదే, అదొక్కటే చాలదు.

తెలిసిన జాతులతో తేడా నిలబడితే ఒక ఈగను హోలోటైప్‌గా, అంటే కొత్త పేరుకు ఆధారమైన ఏకైక నమూనాగా ప్రకటించాలి. మన జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్త జాతి నమూనాను గుర్తింపు పొందిన భాండాగారంలో (నమూనాలు భద్రపరిచే సంస్థలో) ఇవ్వాలి. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే ప్రచురణకు ముందే జూబ్యాంక్‌లో (జంతువుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ రిజిస్టర్‌లో) నమోదు తప్పనిసరి.

ముందు ఆ బొమ్మలు పెట్టండి, కలిసి చూద్దాం.