ఈ ఏడు మీకు ఆవకాయ జాడీ రాదు

చిరంజీవి సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. అల్లుడుగారికి సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడే జబ్బు, వచ్చి పొట్టలో నీరు చేరిందని నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే ఏమీ చెప్పలేకపోయాను. చెప్పినా ఆ సమయంలో నీ బుర్రకెక్కేది కాదు. అందుకే రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు, ఇందులో దాచాల్సిందేమీ లేదు. మీ పెదనాన్నకు సిర్రోసిస్ అని తేలి ఏడేళ్ళయింది, పొట్టలో నీరు చేరడం మొదలై అయిదేళ్ళు. నేను డాక్టర్ని కాను. ఆ మనిషికి మూడు పూటలా వండిపెట్టి, మందులందించి, ఆస్పత్రి బెంచీల మీద కూర్చున్నదాన్ని. ఆ మేరకే చెబుతాను.

అల్లుడుగారు తాగుతాడని చుట్టాల్లో ఎవరో అన్నారట. అననీ. షుగరు, లావు ఒళ్ళు, ఫ్యాటీ లివర్ కలిసినా లివర్ ఇలాగే రాయవుతుంది. మీ పెదనాన్న జన్మలో సీసా ముట్టలేదు. అయితే ఎలా వచ్చిన జబ్బయినా ఇక మీదట చుక్క కూడా వద్దు, పెళ్ళి పేరు చెప్పీ వద్దు, పండగ పేరు చెప్పీ వద్దు.

అసలు నీరెందుకు చేరుతుందో నాకర్థమయ్యేసరికి రెండేళ్ళు పట్టింది. లివర్ గట్టిపడ్డాక పేగుల నుంచి వచ్చే రక్తం దాన్ని దాటలేక వెనక్కి తన్నుతుంది. అక్కడి నాళాలు ఉబ్బి రక్తం పొట్టలోని ఆ నాళాల్లోనే నిలిచిపోతుంది. కిడ్నీకి అందాల్సింది తగ్గిపోతుంది. పాపం కిడ్నీ, ఒంట్లో నీళ్ళే లేవనుకుని దొరికిన ఉప్పునల్లా పట్టేసుకుంటుంది. ఉప్పెక్కడుంటే నీరక్కడ. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించిన మర్నాడు ఎంత ఊట దిగుతుందో నీకు తెలుసుగా! లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే మాంసకృత్తి తగ్గిన రక్తంలో ఆ నీరు నిలవదు, పొట్టలోకీ కాళ్ళలోకీ దిగుతుంది. అంటే అల్లుడుగారి కిడ్నీ ఇంకా చెడిపోలేదమ్మా, మోసపోతోంది. నువ్వు కాపాడుకోవాల్సింది దాన్నే.

ఇక ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక చిన్న చెంచా. పొట్లాల మీద సోడియం అని వేసి ఉంటే లెక్క 2000 మిల్లీగ్రాములు. నేను పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో ముప్పావు చెంచా ఉప్పు కొలిచి పెడతాను. మిగతా పావు పాలల్లోనో బ్రెడ్డులోనో మనకు తెలియకుండానే వచ్చేస్తుంది. ఆయన కూర, పప్పు, చారు అన్నీ ఆ గిన్నెలోంచే. గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. ఇడ్లీపిండిలో ఉప్పు వేయకముందే ఆయన వాటా తీసి పక్కన పెడతాను. మజ్జిగలో అసలు వేయను.

ఆవకాయ, మాగాయ, గోంగూర నిలవపచ్చడి, అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, ఎండుచేప, ఎండురొయ్యలు ఇంట్లోంచి తీసెయ్యి. నువ్వూ పిల్లలూ తినాలనుకుంటే ఆయన లేనప్పుడు తినండి. ఎదురుగా కూర్చుని నంజుకోవద్దు, పాపం తగులుతుంది. ఇవి కంటికి కనబడే ఉప్పులు. కనబడనివి ఇంకా ఉన్నాయి. బజ్జీల్లో వేసే వంటసోడా, గ్యాస్ పట్టేసిందని కలుపుకుని తాగే పొంగే పొడి, నీళ్ళలో వేస్తే బుసబుసమనే మాత్రలు, బేకరీ బిస్కట్లు, మిక్చరు పొట్లాలు అన్నిటినిండా సోడియమే. ఒకసారి మూడు రోజుల్లో ఆయన రెండు కిలోలు పెరిగితే ఇల్లంతా వెతికాను. చివరికి దొరికింది ఆ గ్యాస్ పొడి డబ్బా, దిండు కింద.

మొదటి రెండు వారాలూ కంచం విసిరేస్తారు. మూడో వారానికి నాలుక మాట వింటుంది. నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర దండిగా వాడు. అయితే ఎవరో మంచి మనసుతో లో సోడియం ఉప్పు తెచ్చిస్తారు, అది ముట్టుకోవద్దు. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. నీరు తగ్గడానికి ఇచ్చే ఆల్డాక్టోన్ మాత్ర ఒంట్లో పొటాషియాన్ని పోనివ్వదు. రెండూ కలిస్తే గుండె లయ తప్పవచ్చు. చూడ్డానికి వచ్చేవాళ్ళు తెచ్చే కొబ్బరిబొండాలు కూడా అంతే, రక్తపరీక్ష చూసి డాక్టరు సరేనన్నాకే. నీళ్ళ సంగతి అడిగావు. ఉప్పు తగ్గించాలి గానీ నీళ్ళు అందరికీ తగ్గించక్కర్లేదు. రక్తంలో సోడియం 125 కంటే పడిపోతే అప్పుడు వాళ్ళే చెబుతారు. దాహంతో ఎండబెట్టకు.

తిండి విషయంలో మన ఊరివాళ్ళ మాట వినకు. కామెర్ల పథ్యమని చెప్పి పప్పు వద్దు, గుడ్డు వద్దు, పెరుగన్నం చాలంటారు. మేమూ ఆరు నెలలు అలా చేశాం. పొట్ట కుండలా ఉండి చేతులు పుల్లలైపోయాయి. నీరు తీసేస్తే 60 కిలోలు తూగే మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలని డైటీషియన్ కూర్చోబెట్టి చెప్పింది. గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి, ఇక లెక్క చూసుకో. పప్పు, పెరుగు, చేప, కోడి అన్నీ పెట్టు. ఇంకోటి, ఈ లివర్ పిండిపదార్థాన్ని దాచిపెట్టుకోలేదు. రాత్రంతా ఖాళీకడుపుతో ఉంటే కండ కరుగుతుంది. అందుకని పడుకునే ముందు గ్లాసు పాలు, రెండు ఇడ్లీలు, ఏదో ఒకటి పడాలి. శనివారం ఒంటిపూటలు, ఏకాదశి ఉపవాసాలు ఆపించెయ్యి. ఆ స్వామి ఏమీ అనుకోడు.

రోజూ పొద్దున్న మలవిసర్జన అయ్యాక, కాఫీకి ముందు, ఒకే రకం బట్టల్లో తూకం చూడు. పుస్తకంలో రాయి. కాళ్ళవాపు లేకపోతే రోజుకు అరకిలో కంటే ఎక్కువ తగ్గకూడదు. ఉంటే కిలో దాకా పర్వాలేదంటారు. నీటి మాత్రలు బాగా పనిచేస్తున్నాయని సంబరపడి ఎక్కువ వేస్తే ముందు ఎండిపోయేది కిడ్నీయే. వారంలో రెండు కిలోలు పెరిగినా ఫోన్ చెయ్యి. మాత్రలు పొద్దుటిపూటే వేయించు, లేకపోతే రాత్రంతా బాత్రూంకే సరిపోతుంది. ఆల్డాక్టోన్‌తో మగవాళ్ళకు రొమ్ముల దగ్గర నొప్పి, వాపు రావచ్చు. ఆయన సిగ్గుపడి చెప్పడు. నువ్వే అడుగు, మందు మార్చడానికి వీలుంటుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మూడేళ్ళ కిందట మీ పెదనాన్నకు మోకాళ్ళనొప్పి. నాకు వాడిన డైక్లోఫెనాక్ మాత్రలు ఉంటే నాలుగు రోజులు వేశాను. నొప్పి తగ్గింది. అయిదో రోజు ఒంటేలు సగానికి పడిపోయింది. నేను ఎండాకాలం కదా, చెమట పట్టి ఉంటుందిలే అనుకున్నాను. ఏడో రోజు చేర్పిస్తే క్రియాటినిన్, అంటే కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే అంకె, 2.6, అంతకుముందు నెల 0.9 ఉన్నది. అసలే రక్తం తక్కువ అందుతున్న కిడ్నీకి, ఉన్న నాళాన్ని కూడా తెరిచి ఉంచుకునే దారి ఆ మాత్రలు మూసేస్తాయట. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. ఆల్బుమిన్ ఎక్కించారు, కిడ్నీకి రక్తం అందేలా టెర్లిప్రెసిన్ అనే మందు ఇచ్చారు, బయటపడ్డాడు. అందరూ బయటపడరని ఆ పక్క మంచం చూసి తెలుసుకున్నాను. కాబట్టి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, ఏ పేరుతో ఉన్నా ఇంట్లో ఉంచకు. నొప్పికి పారాసెటమాల్ కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే. రోజుకు 2 గ్రాములు దాటొద్దని మాకు చెప్పారు. బీపీకి టెల్మిసార్టన్ లాంటిదేదైనా వాడుతుంటే ఇంకా కొనసాగించాలా అని అడుగు. స్కానింగుకు రంగుమందు ఎక్కిస్తామంటే ముందు కిడ్నీ సంగతి చెప్పు. పసరు మందులు, తిప్పతీగ కషాయాలు వద్దు. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు.

క్రియాటినిన్ కాగితం చూడటం నేర్చుకో. 0.8 ఉన్నది 1.2 అయితే ల్యాబువాళ్ళు నార్మల్ అనే వేస్తారు, దాని పక్కన నక్షత్రం గుర్తు కూడా ఉండదు. కానీ రెండురోజుల్లో 0.3 పెరిగినా అది హెచ్చరికే. పైగా కండ తగ్గినవాళ్ళలో ఆ అంకె అసలుకంటే తక్కువే కనబడుతుంది. పాత కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టు.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు నీటిమాత్ర వేయించే ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఆపమనే చెబుతారు చాలాసార్లు. ఒంట్లోని మలినాలు విరేచనంతో పోవడానికి ఇచ్చే లాక్టులోజ్ సిరప్ కూడా రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలయ్యేంత చాలు. ఆరుసార్లు వెళ్తుంటే అదీ ఒంట్లో నీరు లాగేసి కిడ్నీని ఎండబెడుతుంది. అలాగని పూర్తిగా మానేస్తే ఆ మలినాలు తలకెక్కి తల పనిచేయదు. మీ పెదనాన్న ఒకరోజు గేటు తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రంతా మేలుకుని, పగలు నిద్రపోయాడు. నిద్రపట్టడం లేదని నిద్రమాత్ర మాత్రం ఎప్పటికీ వేయకు.

పొట్టలో నీరు సూదితో తీయించడం గురించి భయపడుతున్నావు. ఒకసారి సూది పెడితే అలవాటైపోతుందన్నది అబద్ధం. నీరు జబ్బు వల్ల వస్తుంది, సూది వల్ల కాదు. అయిదు లీటర్లు దాటి తీస్తే లీటరుకు 6 నుంచి 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ ఎక్కించాలి. 100 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములుంటుంది. ఖరీదని ఎవరైనా వద్దంటే ఊరుకోకు, అది ఎక్కించేది కిడ్నీ కోసమే. జ్వరం, పొట్టనొప్పి, మత్తు, ఒంటేలు తగ్గడం, వీటిలో ఏదొచ్చినా ఆ నీటికి ఇన్ఫెక్షన్ ఉందేమోనని పరీక్ష చేయించాలి. జ్వరం లేకుండా కూడా వస్తుంది. నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతి అయితే ఇక ఎవర్నీ అడగొద్దు, తిన్నగా ఆస్పత్రికి.

లివర్ మార్పిడి మాట ఇప్పుడే అడగండి, పీకల మీదికొచ్చాక కాదు. కామెర్లు చూపే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్, క్రియాటినిన్, సోడియం కలిపి ఒక స్కోరు కడతారు. దాన్ని బట్టే తీవ్రత చూస్తారు. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు ఎప్పుడు రాయించాలో మీ డాక్టరునే అడుగు.

కొరియర్లో ఒక డబ్బా పంపుతున్నాను. నువ్వులు, ఎండుమిర్చి, ధనియాలు, వెల్లుల్లి వేయించి కొట్టిన పొడి, ఉప్పు వేయలేదు. వేడన్నంలో కలిపి నాలుగు నిమ్మచుక్కలు పిండు. డబ్బా కింద తూకం మిషన్ ఉంది, చదునైన గచ్చు మీద పెట్టు. మీ పెదనాన్న ఇక్కడినుంచి అరుస్తున్నాడు, ఆ పొడిలో ఇంగువ కూడా వేయమని చెప్పమని. ఇంగువ ఆయన మాట, నేనైతే వేయను.

మీ పెద్దమ్మ