గుండె వేగం గ్రాఫ్ చూసి అనెరోబిక్ థ్రెషోల్డ్ చెప్పొచ్చా?

"ల్యాబ్‌లో రక్తం ఇవ్వకుండా, ఛాతీకి గుండె వేగం కొలిచే బెల్టు కట్టుకుని మెల్లగా వేగం పెంచుతూ పరిగెత్తితే థ్రెషోల్డ్ తెలిసిపోతుందట, నిజమేనా?" అని అడిగారు. థ్రెషోల్డ్ అంటే, ఆ జోరు దాటితే రక్తంలో లాక్టేట్ (గట్టిగా పనిచేసే కండరాల్లో తయారయ్యేది) పేరుకుపోతూ, ఎక్కువసేపు పరిగెత్తలేని హద్దు. తెలుస్తుందండీ. ఎంతని తెలుస్తుందన్నది మాత్రం స్కేలు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

మీరు విన్నది కొంకోని పరీక్ష. ఇటలీలోని ఫెరారా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫ్రాంచెస్కో కొంకోని 1982లో దీన్ని ప్రచురించాడు. వేగం పెరిగేకొద్దీ గుండె వేగం తిన్నగా పెరిగి, ఒక దగ్గర గీత పక్కకి వంగుతుంది. ఆ వంపే థ్రెషోల్డ్ అన్నాడు. 1984 జనవరిలో సైక్లిస్టు ఫ్రాంచెస్కో మోజర్ మెక్సికో సిటీలో ఒక్క గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కి ఎడ్డీ మెర్క్స్ రికార్డు (49.431) దాటేశాడు. వెనకుండి తయారుచేసింది కొంకోనీ వాళ్ళే కాబట్టి పరీక్షకి ఎక్కడలేని పేరొచ్చింది. అప్పట్లో దమ్ము పెరగడానికి రక్తం కూడా ఎక్కించుకున్నానని మోజర్ ఏళ్ళ తరవాత చెప్పాడు. అప్పటికి దానిమీద నిషేధం లేదు లెండి. పరీక్షని మెచ్చుకునేవాళ్ళు ఆ ముక్క మాత్రం ఎత్తరు.

మా కోచ్ గారికీ ఈ పరీక్షంటే మహా గురి. ఒకరోజు పొద్దున్నే నన్ను ట్రాక్ మీద నిలబెట్టారు. విజిల్ ఊదడానికి మా బావమరిదిని తీసుకెళ్ళాను. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాడు, సెకన్ల దగ్గర రాజీపడడు. మొదటి 200 మీటర్లు 72 సెకన్లలో, అంటే గంటకు 10 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి ప్రతి 200 మీటర్లకీ వేగం గంటకు అర కిలోమీటరు పెంపు. చెప్పుకోడానికి బానే ఉంటుంది. అవతల పిల్లలు ఖోఖో ఆడుతున్నారు, వాళ్ళ పీఈటీ సారుకీ విజిలుంది! ఎవరి విజిల్‌కి నేను పరుగు పెంచానో ఆ దేవుడికే తెలియాలి. దానికితోడు మొదటి లేన్‌లో నలుగురు పెద్దమనుషులు వరసగా, ఫోన్లో భక్తి పాటలు మోగించుకుంటూ వాకింగు. బయటి లేన్లు ఖాళీగానే ఉంటాయి కదా, అక్కడ నడవరు. అడిగితే "మీరే పక్కనుంచి వెళ్ళండి" అంటారు. పక్కనుంచి వెళ్తే అది 200 మీటర్లు ఎలా అవుతుంది?

ఊపిరాడక కూలబడ్డాక గ్యాలరీ మెట్ల మీద గ్రాఫు కాయితం పరిచారు. కోచ్ గారు స్కేలు పెట్టి నిమిషానికి 168 బీట్ల దగ్గర వంగిందన్నారు. బావమరిది అదే స్కేలు తీసుకుని "కాదు సార్, 174" అన్నాడు. నాకైతే చివరిదాకా తిన్నగానే కనపడింది. "ఇదిగో, ఇక్కడ కనపడట్లా?" అని కోచ్ గారు పెన్సిల్‌తో గట్టిగా గుచ్చారు, కాయితానికి చిల్లుపడింది. ఆ చిల్లే నా థ్రెషోల్డ్ అయింది.

ఆరు బీట్లేగా అనుకోకండి. మా ఎండల్లో 168తో గంటసేపు లాగొచ్చేమో; 174 అంటే పావుగంటకి నీడ వెతుక్కోవాలి.

అసలు తిరకాసు ఇంకోటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ 200 మీటర్లు తొందరగా అయిపోతాయి. గంటకు పది కిలోమీటర్ల వేగంలో 72 సెకన్లు, పదిహేనుకొచ్చేసరికి 48. కొత్త వేగాన్ని గుండె అందుకునేలోపే మళ్ళీ విజిల్. అప్పుడు గీత వంగదా మరి? 1996కి కొంకోని బృందమే దూరం వదిలేసి సమయం లెక్కన పెంచే పద్ధతికి మారింది. అయినా కొందరిలో వంపు అసలు కనపడదు, కొందరిలో పైకే వంగుతుంది. ఇది నేనంటున్నది కాదు, తరవాత పరీక్షించినవాళ్ళే రాశారు.

జిమ్ముల్లో గోడకి వేలాడే 220 మైనస్ వయసు చార్టు ఇంతకన్నా అన్యాయం. దాని ప్రకారం 44 ఏళ్ళ నాకు గుండె వేగం గరిష్ఠం 176. ఆరోజు బెల్టు 187 చూపించింది. చేతి వాచీ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒక్కోసారి అడుగుల లెక్కనే గుండె లెక్కగా చూపిస్తుంది. బెల్టు కొనుక్కోండి.

నన్నడిగితే, చల్లటి పూట, ఒంటరిగా, అరగంట మీరు నిలుపుకోగలిగినంత గట్టిగా పరిగెత్తండి. చివరి 20 నిమిషాల గుండె వేగం సగటు తీసుకోండి, అదే మీ థ్రెషోల్డ్. అమెరికన్ కోచ్ జో ఫ్రీల్ చెప్పే పద్ధతి ఇదే. స్కేలూ పెన్సిలూ అక్కర్లేదు. పరిగెడుతూ మొత్తం వాక్యం చెప్పగలిగితే థ్రెషోల్డ్‌కి కింద ఉన్నట్టు, రెండు మాటలకే తెగిపోతుంటే దాటినట్టు. ల్యాబ్ రిపోర్టు కూడా నాకు ఇంతకన్నా ఎక్కువేం చెప్పదని నా నమ్మకం, మీరు ఒప్పుకోకపోయినా సరే.

బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్ళయితే పైన చెప్పిన బీట్ల అంకెలన్నీ వదిలేయండి. ఆ మాత్రలు గుండె వేగాన్నే తగ్గించేస్తాయి. ముందు డాక్టరుని అడిగి, ఆయన సరేనంటేనే పరుగు మొదలుపెట్టండి.