సంక్రాంతికి సొంత కారులో మొదటిసారి కోనసీమకు వస్తున్నాం. ఏ నిబంధనలు, ఏ జాగ్రత్తలు పాటించాలి?

హైదరాబాదు నుంచి కుటుంబంతో అమలాపురం వస్తున్నామని మీరు రాశారు. ఇరవై ఏళ్లుగా ప్రతి పండగకూ అదే దారిన అంబాజీపేట దగ్గరి మా ఊరికి వస్తున్నవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను.

చట్టం సంగతి ముందు ముగిద్దాం. మోటారు వాహనాల చట్టం అక్కడా ఇక్కడా ఒకటే. తెలంగాణ నంబరు బండి పండక్కి వచ్చి వెళ్లడానికి ప్రత్యేక అనుమతి ఏదీ అక్కర్లేదు. లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం డిజీలాకర్ యాప్‌లోగాని, ఎంపరివాహన్ యాప్‌లోగాని ఉంటే చాలు. ఫోన్‌తో ఫోటో తీసి దాచుకున్న కాపీలు మాత్రం వాటికి సాటి రావు. నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు అయినా, దారి పక్క బోర్డు అంతకంటే తక్కువ చూపిస్తే ఆ బోర్డే చెల్లుతుంది. ఒకవేళ కారు అద్దెకు తీసుకుని మీరే నడపదలిస్తే, నల్ల నంబరు పలక మీద పసుపు అక్షరాలున్న బండినే తీసుకోండి. తెల్ల పలక బండిని అద్దెకిచ్చేవారు దొరుకుతారు గాని, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కులొస్తాయి.

అసలు జాగ్రత్త రావులపాలెంలో జాతీయ రహదారి వదిలాక మొదలవుతుంది. ఇక్కడి దారుల్లో చాలా భాగం కాలువగట్లే. ఒక పక్క నిండుగా పారే నీరు, ఇంకో పక్క పల్లంలో కొబ్బరితోట, మధ్యలో రెండు బండ్లు ఒరుసుకుంటూ పోయేంత తారు. ఆరేళ్ల క్రితం భోగి ముందురోజు ఎదురుగా కాలేజీ బస్సు వస్తుంటే, మర్యాదకు పోయి ఎడమ చక్రాలు రెండూ మార్జిన్ దించాను. పైకి పచ్చగడ్డితో గట్టిగానే కనిపించింది. కింద అంతా నానిన ఒండ్రు. బస్సు దాటిపోయేలోపే కారు పక్కకు ఒరిగింది. ఎడమ సీటులో ఉన్న మా ఆవిడకు అద్దంలోంచి గుర్రపుడెక్క తప్ప ఇంకేమీ కనబడలేదు. ఒక్కొక్కరం కుడి తలుపులోంచి మెల్లగా దిగాక, పొలంలోంచి ట్రాక్టరు తెచ్చి మోకు కట్టి లాగిన పెద్దాయన, "కాలువ వైపు దిగకూడదండి బాబూ, తారు మీదే ఆగిపోవాలండి, ఆ వచ్చేవాడే చూసుకుంటాడండి" అన్నారు. ఆనాటి నుంచి నేను చేసేది అదే. దూరంగా పెద్ద బండి కనబడగానే వెడల్పున్నచోట, లాకుల (కాలువ నీటిని ఆపే తలుపుల) దగ్గరో వంతెన మొగలోనో ఆగి, అది వెళ్లాకే కదులుతాను. వెనకనుంచి ఎంత హారన్ కొట్టినా సరే.

నీళ్లలో పడితే విడిపించుకోలేమన్న భయంతో కాలువ దారిలో బెల్టు తీసేవారిని చూశాను. అది తప్పు. పడేటప్పుడు తల దేనికో తగిలి స్పృహ పోకుండా కాపాడేది ఆ బెల్టే. పడ్డాక దాన్ని విప్పి, వెంటనే అద్దాలు దించి కిటికీలోంచి బయటికి రావాలి. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. వెనక సీటులో వారికీ బెల్టు తప్పనిసరి, పెట్టుకోకపోతే చట్టం ప్రకారం జరిమానా 1000 రూపాయలు.

పుష్యమాసపు మంచు ఇక్కడ తెల్లవారుజామున గట్టుకీ నీటికీ తేడా తెలియనివ్వదు. హెడ్‌లైట్లు కిందికి దించే నడపండి, పైకి వేస్తే మంచే తెల్లగోడై నిలబడుతుంది. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి నడపడం కొందరికి అలవాటు గాని, అలా చేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి అర్థం కాదు. రాత్రిపూట వెనక దీపం లేని గడ్డి ట్రాక్టర్లు, అరటిగెలల బండ్లు ఉంటాయి కాబట్టి చీకటి పడ్డాక గట్టు దారి పట్టకపోవడమే నయం.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లదలిస్తే కారు దూరంగానే వదిలి నడవండి. ప్రభను, అంటే దేవుణ్ణి నిలిపి అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాన్ని, భుజాల మీద మోసుకొస్తున్న దారిలో హారన్‌కు అర్థం లేదు. యానాం పక్కనే ఉందని చుట్టాలెవరైనా గ్లాసు చేతికిస్తే ఆ పూట స్టీరింగు ముట్టుకోకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే, మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

అంతర్వేది చూసి సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం దాటాలనుకుంటే కారును పంటు (బండ్లను ఏరు దాటించే బల్లకట్టు పడవ) మీద ఎక్కించాలి. ఎక్కేటప్పుడు సరంగు (పంటు నడిపేవాడు) చెయ్యి ఎటు చూపితే అటే, మొదటి గేరులో మెల్లగా పోనివ్వండి. ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులోనే ఉంచండి. గోదావరి దాటుతున్నంతసేపూ పిల్లల్ని కారులో కూర్చోబెట్టకుండా, దిగి మీ పక్కన నిలబడమనండి.